క్యాసెట్ చివర మిగిలిన చప్పుడు

పద్దెనిమిది మంది ఆడపిల్లలు కట్ట మెట్ల మీద కూర్చుని చూస్తుండగా, వాళ్ళ వంటమనిషి జమున పసుపుపచ్చ కయాక్‌లో కూర్చుని ఉన్నచోటే మూడు చుట్లు తిరిగింది. నాలుగో చుట్టుకి తెడ్డు ఒళ్ళో పెట్టేసుకుంది.

"ఆంటీ, పడవ నడుపుతున్నవా, బతుకమ్మ ఆడుతున్నవా?" అంది హర్షిణి. తొమ్మిదో తరగతి పిల్ల. నోరు ఊరుకోదు.

"నీ కాళ్ళు లోపట వెట్టి మూతేస్తె నువ్వెట్ల నడుపుతవో సూస్త. గిది పడవనా, వడ్ల గుమ్మినా?"

పిల్లలు పడీపడీ నవ్వారు. వాళ్ళ తప్పేం లేదు. కరీంనగర్‌లోని ఆ బాలికల గురుకులంలో పప్పు వడ్డించిన ప్రతిసారీ జమున వాళ్ళకు చెప్పే మాట ఒకటే: తాను మానేరు డ్యాం ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టింది, నడక కంటే ముందు నీళ్ళ మీద కూర్చోవడం నేర్చింది. అందులో అబద్ధం లేదు. కాకపోతే ఆమె నేర్చింది తెప్ప. థర్మకోల్ ముక్కలు నాలుగు కలిపి పాత వలతో చుట్టి కట్టిన తెప్ప. దాని మీద మఠం వేసుకుని కూర్చుని, రెండు చేతుల్లో రెండు పాత స్టీలు కంచాలు పట్టుకుని, బాతు కాళ్ళతో తోసుకున్నట్టు రెండు పక్కలా ఒకేసారి నీళ్ళను వెనక్కి తోయాలి. తాత నేర్పాడు. ముప్పై ఆరేళ్ళ వయసులో ఇప్పటికీ కళ్ళు మూసుకుని వలదాకా పోయి రాగలదు.

ఆదివారాల ఈ నీళ్ళ బడి దేవదాస్‌ది. ఉట్నూరు వైపు మనిషి. ఎక్కడెక్కడో కొండలెక్కి, నదులు దిగి, చివరికి పన్నెండు ప్లాస్టిక్ కయాక్‌లు లారీలో వేసుకుని మానేరు ఒడ్డుకి వచ్చాడు. అతని బడిలో పుస్తకం ఉండదు, పరీక్ష ఉండదు. ఆడపిల్లలతో పాటు ఒక ఆడమనిషి కూడా నీళ్ళలోకి దిగాల్సిందేనని గురుకులం వాళ్ళు షరతు పెట్టారు. టీచర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని జమునను పంపారు.

దేవదాస్ తన పడవను ఆమె పక్కకి తెచ్చి ఆపాడు. "అక్కా, మీ రెండు చేతులు ఒక్కసారే గుంజుతున్నయి. దీంట్ల ఒక చెయ్యి పని జేస్తుంటె ఇంకో చెయ్యి ఊకుండాలె."

"నాకు ఊకుండుడే రాదు సార్," అంది జమున.

రెండు నెలల్లో ఆ ఊరుకోవడం నేర్చుకుంది. చెయ్యి మార్చి చెయ్యి, నడుము తిప్పుతూ, తెడ్డు నీళ్ళలో పడిన చప్పుడు రాకుండా పోవడం వచ్చింది. ఒక్క పాఠం మాత్రం దాటవేస్తూ వచ్చింది. పడవను కావాలని బోర్లా తిప్పి, నీళ్ళ కింద తలకిందులుగా ఉన్నప్పుడు నడుము చుట్టూ బిగించిన మూత ఊడదీసుకుని బయటికి రావాలి. పిల్లలందరూ కెవ్వుకెవ్వుమంటూ ఒక్కొక్కరే తిరగబడి తేలారు. జమున ఒప్పుకోలేదు. చేపలు పట్టేవాళ్ళలో తెప్ప మీది నుంచి జారిపడడం కన్నా నామర్దా ఇంకోటి లేదు. ఆమె మేనమామ దశరథం జన్మలో ఒకే ఒక్కసారి జారాడు. పోయేదాకా ఆయన పేరు మునిగిన దశరథమే.

"సచ్చినంక కూడ గట్లనే అన్నరు సార్. మునిగిన దశరథం దినాలు ఎల్లుండి అని," అంది జమున. దేవదాస్ నవ్వి వదిలేశాడు.

అతని పాఠాల్లో ఇంకొకటి ఉంది. అందరూ దూరదూరంగా పోయి, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, అరగంట సేపు నోరు విప్పకుండా ఉండాలి. తర్వాత ఒడ్డుకి వచ్చి ఏం విన్నారో చెప్పాలి. కొంగ రెక్కలు, కట్ట మీది బస్సు, నా కడుపు అని పిల్లలు తలా ఒకటి చెప్పేవాళ్ళు. జమున వంతు వస్తే "ఏం ఇనలే సార్, రాత్రి కూర యాదికచ్చింది" అనేది.

నిజానికి ఆమెకు వినిపించేది ఉంది. నీళ్ళ మీద అంత నిశ్శబ్దంగా కూర్చున్న ప్రతిసారీ ఒక పాత క్యాసెట్ చెవిలో తిరిగేది. అది నలుగురిలో చెప్పుకునే సంగతి కాదని దాచుకునేది.

జమునకు ఐదేళ్ళప్పుడు ఆమె బాపు హనుమండ్లు వల ఒక మూలకు చుట్టిపెట్టి మస్కట్ పోయాడు. కట్టుబడి పని. అప్పట్లో గల్ఫ్ పోయినవాళ్ళు ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేవాళ్ళు. రాయడం రానివాళ్ళు రాయనక్కర్లేదు, చదవడం రానివాళ్ళు ఎవరితోనూ చదివించుకోనక్కర్లేదు. సెలవు మీద ఊరికి వచ్చే మనిషి చేతికి క్యాసెట్ ఇస్తే చాలు, ఇక్కడ ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డర్ చుట్టూ చేరేవాళ్ళు. హనుమండ్లు మాట్లాడే తీరు వేరుగా ఉండేది. అడిగి ఆగేవాడు, అవతల ఎవరో జవాబు చెప్తున్నట్టు. "అయ్య కాలునొప్పి తగ్గిందా?" ఆగేవాడు. "వానలు వడ్డయా?" మళ్ళీ ఆగేవాడు. ఆ ఆగిన చోటల్లా చిన్న జమున నిజంగానే జవాబు చెప్పేది. "వడ్డయ్ బాపు, మన అర్రల కురిసింది."

చివరగా వచ్చిన క్యాసెట్‌లో చివరి ప్రశ్న ఆమెకే. "జమునా, తిన్నవా బిడ్డా?"

ఆ తర్వాత ఆయన ఆగడం మిగతా ఆగడాల్లా లేదు. రెండు నిమిషాలు ఆగాడు. వెనకాల ఏదో గరగర. ఆఖరికి టక్కున మీట నొక్కిన చప్పుడు. ఆ క్యాసెట్ వచ్చిన ఏడాదికి హనుమండ్లు పెట్టెలో ఇంటికి వచ్చాడు. నిద్రలో గుండె ఆగిందన్నారు.

ఇంకో మూడేళ్ళకు బతుకమ్మ పండుగ ముందు ఆమె తల్లి బుచ్చవ్వ కరీంనగర్ బస్టాండు పక్కన కొట్టులో పాటలు నింపించుకొద్దామని ఖాళీ క్యాసెట్ ఒకటి కొంగున కట్టుకుని పోయింది. ఇంట్లో అప్పటికి మిగిలిన రెండు క్యాసెట్లదీ ఒకే రంగు. బుచ్చవ్వకు చదువు రాదు. సాయంత్రం వాడకట్టు ఆడవాళ్ళందరినీ పిలిచి మీట నొక్కింది. పాటలు బాగా వచ్చాయి. ఆడవాళ్ళు చప్పట్లు కలిపారు. పాటలన్నీ అయిపోయాక, ఖాళీగా ఉండాల్సిన చోట, రెండు నిమిషాల గరగర వినిపించింది. తర్వాత టక్.

బుచ్చవ్వకు అప్పుడు తెలిసింది తాను ఏ క్యాసెట్ తీసుకుపోయిందో. హనుమండ్లు మాట్లాడిందంతా పోయింది. మాట్లాడకుండా ఉన్నది మిగిలింది.

ఆమె ఏడ్చినట్టు జమునకు గుర్తు లేదు. ఆ ఏడు నుంచి ఇప్పటిదాకా బుచ్చవ్వ బతుకమ్మ పేరుస్తుంది, చెరువుకి పోతుంది, అందరితో పాటు చుట్టూ తిరుగుతుంది. పాట మాత్రం అందుకోదు.

నీళ్ళ బడిలో మౌనం పాఠాలు నాలుగైదు అయ్యాక, ఒకరోజు జమున సందూక పెట్టె అడుగు నుంచి ఆ క్యాసెట్ తీసింది. ఇంట్లో టేప్‌రికార్డర్ చెడిపోయి ఎన్నో ఏళ్ళయింది. టవర్ సర్కిల్ దగ్గర రేడియోలు బాగుచేసే అమ్జద్ దుకాణంలో మాత్రం పాత మిషన్ ఒకటి ఇంకా తిరుగుతుందని ఎవరో చెప్పారు.

"ఏమున్నదమ్మా దీంట్ల?" అన్నాడు అమ్జద్. అరవై దాటిన మనిషి, కళ్ళద్దాలకు తాడు కట్టుకున్నాడు.

"ఏం లేదు భాయ్. ముందటంత పాటలే. ఆఖరికి జర గరగర ఉంటది. గా గరగర సాఫ్ చేసి ఫోన్ల ఎక్కిచ్చియ్యిండ్రి. దాని ఎనుక మా బాపు ఊపిరన్న ఇనవడ్తదేమో."

అమ్జద్ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని చివరిదాకా తిప్పాడు. మొదట స్క్రూడ్రైవర్‌తో బల్ల మీద కొడుతూ విన్నాడు. తర్వాత ఆ చెయ్యి ఆగిపోయింది. హెడ్‌ఫోన్ తీసి ఆమెకిచ్చాడు.

"సాఫ్ చేస్తె ఇగ ఏం మిగులదమ్మా. గిది ఖరాబ్ కాదు. గిది సముందర్."

జమునకు అర్థం కాలేదు.

"నేనూ మస్కట్ పోయినోన్నే. ఏడేండ్లు. రూముల పద్నాలుగు మంది ఉండేటోల్లం. ఒక్కడు మాట్లాడుతుంటె పదమూడు మంది ఇంటరు. ఇంటోల్లతోని మాట్లాడాల్నంటె శుక్రారం నాడు టేప్ చంకల వెట్టుకొని సముందర్ కాడికి పోయేటోల్లం. ఇను. జర గౌర్ చేసి ఇను."

విన్నది. ఇరవై ఎనిమిదేళ్ళుగా మిషన్ చప్పుడనుకున్నది మొదటిసారి నీళ్ళయి వినిపించింది. బరువుగా ఒకటి వచ్చి పడుతోంది. ఒక్క క్షణం ఆగుతోంది. వెనక్కి పోతూ పోతూ గలగలమంటోంది, చాటలో గింజలు వాలుకు జారినట్టు. మళ్ళీ వస్తోంది. అలా పద్దెనిమిదిసార్లు. తర్వాత టక్.

"మళ్ళొకపారి తిప్పి ఫోన్ల ఎక్కిస్త," అన్నాడు అమ్జద్. వెనక్కి తిప్పుతుంటే, క్యాసెట్‌లోని ఎండిపోయిన పట్టీ ఆకులాగా తెగింది. అతికిద్దామని పట్టుకుంటే వేళ్ళ మధ్యనే పొడి అయింది. అమ్జద్ కళ్ళద్దాలు తీసి తాడుకు వదిలేశాడు. "మాఫ్ చెయ్యమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రం ఆటోలో జమున ఆ చప్పుడు పోగొట్టుకోకుండా చెవులకు కొంగు చుట్టుకుని ఇంటికి వచ్చింది. బుచ్చవ్వ అరుగు మీద కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. జమున అంతా చెప్పింది. బుచ్చవ్వ "సముద్రమా" అని మాత్రం అంది. చేతిలోని బీడీకి దారం చుట్టిందే మళ్ళీ చుట్టింది.

అప్పటి నుంచి జమునకు ఒక బుగులు పట్టుకుంది. గురుకులం వంటింట్లో పొద్దున లేస్తే కుక్కర్లు, గ్రైండరు, నాలుగు వందల కంచాలు. ఆ రొదలో పద్దెనిమిది అలలూ ఒక్కొక్కటే చెరిగిపోతున్నట్టుండేది. వచ్చి పడే చప్పుడు జ్ఞాపకం ఉంది. ఆగడం జ్ఞాపకం ఉంది. ఆ గలగల మాత్రం ఒకరోజు బియ్యం చప్పుడులా, ఒకరోజు కందిపప్పు చప్పుడులా మారిపోతోంది. ఇంకోసారి వింటే తప్ప నిలవదు.

ఆ నెలలోనే దేవదాస్ చెప్పాడు: పిల్లల్లో బాగా నేర్చినవాళ్ళు పదిమందిని సముద్రానికి తీసుకుపోతాడట. నాలుగు రోజులు. అలల్లో పడవ నడపడం, ఒడ్డు వెంబడి ప్రయాణం. ఒక ఆడమనిషి కూడా కావాలి. షరతు ఒకటే, తిరగబడి తేలిన వాళ్ళే రావాలి.

జమున ఆ ఆదివారం ఎవరితోనూ మాట్లాడకుండా పడవ నడుముకు బిగించుకుని, లోతుకి పోయి, ఒక పక్కకి ఒరిగింది. మానేరు ఆమె తల మీదికి వచ్చింది. నీళ్ళ కింద పచ్చగా, చల్లగా, కాళ్ళు ఎక్కడున్నాయో తెలియకుండా ఉంది. నేర్పినట్టుగా ముందుకు వంగి, మూత పట్టీ దొరకబుచ్చుకుని లాగి, పైకి తేలింది. కొప్పు ఊడి మొహాన పడింది. ఒడ్డు మీద పిల్లలు నిలబడి ఉన్నారు.

"మునిగిన జమున," అంది హర్షిణి.

"అను బిడ్డ. ఎన్నన్న అను," అంది జమున, దగ్గుతూ.

ఇంట్లో భర్త ముత్యం గ్రానైటు లారీ దిగి అన్నానికి కూర్చుంటూ నవ్వాడు. "మన బిడ్డ డిప్లొమా అయిపోవట్టె, ఇప్పుడు సముద్రమేంది నీకు? మానేరు సాల్తలేదా?"

"సాల్తలేదు," అంది.

ముత్యం ఆమె మొహం చూసి నవ్వు ఆపి అన్నం కలుపుకున్నాడు. బయలుదేరేటప్పుడు పెద్దపల్లి స్టేషన్ దాకా తనే దించి పోయాడు. బుచ్చవ్వ బీడీలు పక్కన పెట్టి వాకిలిదాకా వచ్చింది. "మంచిగ గుర్తు వట్టుకొని రా," అంది. ఏమిటన్నది చెప్పలేదు.

రైల్లో హర్షిణి ఆమె పక్కనే కూర్చుంది. "ఆంటీ, నీకు సముద్రం అంటె గంత పిస ఎందుకు?"

"మా బాపు మస్కట్‌ల ఉండె. సముద్రం పక్కకు."

హర్షిణి వేలితో సీటు మీద మ్యాపు గీసి చూసుకుంది. "మస్కట్ ఇటు కాదు ఆంటీ. మనం పోయేది బంగాళాఖాతం. అది అరేబియా దిక్కు. మనం ఉల్టా పోతున్నం."

జమున కిటికీలోంచి బయటికి చూసింది. పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా దిగిపోయేది కాదు. "నీళ్ళు నీళ్ళే గదనే," అంది. కానీ చీరాలలో దిగేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

సముద్రాన్ని ఆమె చూడకముందే విన్నది. గుడారాలు వేసిన చోటు సరుగుడు తోపుల వెనక ఉంది. ఇసుక మీద చెప్పులు విడిచి, పిల్లలు అరుచుకుంటూ పరుగెత్తుతుంటే, ఆమె తోపులోనే నిలబడి చెవి పెట్టింది. వచ్చి పడే చప్పుడు ఉంది. లారీల అడ్డా దగ్గర నిలబడినట్టు హోరు. ఆగినట్టే లేదు. వెనక్కి పోయేటప్పుడు ఇసుక నీళ్ళను మింగేస్తోంది తప్ప చప్పుడు లేదు. గలగల లేదు. ఒక ఇరవై అలలు లెక్కపెట్టింది. ఇది కాదు.

ఆ రోజంతా అలల్లో పాఠం. విరిగే అలను ఎదురుగా కొట్టి దాటితే అవతల సముద్రం ఇంకో రకం. అక్కడ అలలు విరగవు. పడుకున్న పశువు డొక్కల్లా లేచి దిగుతాయి, అంతే. పిల్లలు మురిసిపోయారు. జమున తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది. మానేరు కన్నా నిశ్శబ్దంగా ఉంది. క్యాసెట్‌లో ఉన్నది ఇక్కడా లేదు. హర్షిణి చెప్పింది నిజమే కావచ్చు, అది వేరే సముద్రం, వేరే నీళ్ళు. రాత్రి గుడారంలో పడుకుని, ఇంటికి పోయి తల్లికి ఏం చెప్పాలో కూడబలుక్కుంది.

రెండో రోజు అసలు ప్రయాణం. ఒడ్డు వెంబడి పన్నెండు కిలోమీటర్లు పోయి ఒక ఏటి నోటి దగ్గర ఆగాలి. పొద్దున్నే పడవల్లో సామాను సర్దే పని దేవదాస్ జమునకు అప్పగించాడు. తినేవి, మందుల డబ్బా, మనిషికి రెండు పెద్ద నీళ్ళ సీసాలు. జమున అన్నీ సర్దింది. పిల్లలు పడవ ఎత్తబోయి ఎత్తలేక కింద పెట్టారు. బక్కపిల్లలు. సీసాలు బరువు. జమున చుట్టూ చూసింది. దేవదాస్ అవతల తాళ్ళు బిగిస్తున్నాడు. ఆమె పిల్లల పడవల్లోంచీ, తన పడవలోంచీ సీసాలు తీసి గుడారంలో వరుసగా పెట్టి వచ్చింది.

మానేరు మీద ఎవరూ నీళ్ళు మోసుకుపోరు. దాహమైతే తెప్ప మీది నుంచి ఒంగి, దోసిలి ముంచి, తాగుతారు. వాళ్ళ తాత తాగాడు, బాపు తాగాడు, పొద్దంతా నీళ్ళ మీద ఉండి ఆమె వేలసార్లు తాగింది. సముద్రం ఉప్పని జమునకు తెలియక కాదు. మూడో తరగతిలోనే చదివింది. కానీ పొద్దున్నే పడవ పక్కన నిలబడినప్పుడు పనిచేసింది ఆ చదువు కాదు, చేతి అలవాటు.

తొమ్మిది గంటలకల్లా ఎండ నెత్తికెక్కింది. "ఆంటీ, దూప అయితుంది," అంది హర్షిణి.

"తాగు బిడ్డ, నీళ్ళకేం తక్కువ," అంటూ జమున తెడ్డు అడ్డం పెట్టుకుని, పక్కకు ఒంగి, తానే ముందు దోసిలి నింపి నోట్లో పోసుకుంది.

ఉప్పు ముక్కుదాకా మండింది. ఉమ్మేసి, తడి చేతులు అలాగే పట్టుకుని ఉండిపోయింది. పిల్లలు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగారు.

దేవదాస్ దగ్గరికి వచ్చాడు. "అక్కా, సీసలేవి?"

"డేరాల ఉన్నయ్ సార్."

"ఎందుకు?"

"బరువైతున్నయని..." మాట పూర్తి చేయలేకపోయింది. "మేం నీళ్ళ మీద ఎన్నడు నీళ్ళు మోసుకపోలే సార్."

దేవదాస్ అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది ఆమెకు. తన సీసా తీసి, పిల్లలందరికీ తలా ఒక గుక్క తాగించాడు. జమున తనకు వద్దంది. అతను ఒడ్డు వైపు చూసి, ఒక చిన్న ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట తెల్లగా మెరుస్తున్న మెరక చూపించి, అందరినీ అటు తిప్పాడు. ప్రయాణం అక్కడికే ఆగిపోయింది.

పడవలు ఒడ్డెక్కించాక అతను తిండి డబ్బాలు ఖాళీ చేయించి తన పడవకు కట్టుకున్నాడు. "ఏరు మీద కొంచెం పోతె ఊరున్నది. గంటన్నరల వస్త. పిల్లల్ని నీడకు కూసోవెట్టండి, ఎవ్వలు నీళ్ళల్ల దిగద్దు." తెడ్డు అందుకుని మళ్ళీ ఆగాడు. "రేపు మీరు పడవెక్కద్దు అక్కా. ఒడ్డుమీదనే ఉండుండ్రి. బరాబర్ కాదు గిది."

"సరే సార్," అంది జమున.

పిల్లలను సరుగుడు నీడలో పడుకోబెట్టి, తుండుగుడ్డ తడిపి నుదుళ్ళ మీద వేసి, తాను మాత్రం ఎండలో నీళ్ళ అంచుకి వచ్చి కూర్చుంది. వాళ్ళ మధ్య కూర్చోవడానికి మొహం చెల్లలేదు. కింద గుచ్చుకుంటే అప్పుడు చూసుకుంది. అక్కడ ఇసుక లేదు. ఎన్నేళ్ళ నుంచి కొట్టుకొచ్చాయో, మోకాలి లోతు గుల్లలు, చిప్పలు. తెల్లవి, అరిగిపోయినవి, వేలి గోరంత నుంచి అరచెయ్యంత వరకూ.

అల వచ్చి పడింది. ఒక క్షణం ఆగింది. వెనక్కి పోతూ గుల్లలను తనతో లాక్కుపోయింది, చాటలో గింజలు వాలుకు జారినట్టు.

జమున వెన్ను నిటారు అయింది. ఇంకొకటి వచ్చింది. ఆగింది. గలగలమంటూ పోయింది. బియ్యం కాదు, కందిపప్పు కాదు. ఇదే.

నీళ్ళ లోపల కాదు, ఇసుక ఒడ్డునా కాదు. బాపు ఇలాంటి గుల్లల మీద, ఇలా గుచ్చుకుంటుంటే, టేప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "తిన్నవా బిడ్డా?" అని ఇటు తిరిగి అడిగాడు.

హర్షిణి లేచి వచ్చి పక్కన చతికిలబడింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "ఏం ఇంటున్నవ్ ఆంటీ?"

దేవదాస్ ఎన్నిసార్లు అడిగినా చెప్పని జమున ఈసారి చెప్పింది. క్యాసెట్, బుచ్చవ్వ, బతుకమ్మ పాటలు, అమ్జద్, తెగిన పట్టీ, అన్నీ. హర్షిణి ఒక గుల్ల ఏరి అరచేతిలో తిప్పుతూ విన్నది.

"మరి జవాబు చెప్పినవా?" అంది చివరికి.

"అప్పుడు చెప్పిన. చిన్నప్పుడు. తిన్న బాపు అని."

"ఇప్పుడు చెప్పు మరి."

జమునకు సిగ్గేసింది. హర్షిణి ఆ సంగతి కనిపెట్టి, లేచి నీడలోకి పోయింది. అల వచ్చింది, ఆగింది. జమున మెల్లగా, పక్కన మనిషితో అన్నట్టు అంది. "తిన్న బాపు. పొద్దుగాల ఉప్మా చేసిన. పిల్లలందరు తిన్నరు. నీళ్ళే మర్సిపోయిన."

అలవాటుకొద్దీ పద్దెనిమిది అలలు లెక్కపెట్టింది. పద్దెనిమిదో అల పోయాక టక్కుమనే మీట కోసం ఆమె ఒళ్ళు బిగుసుకుంది. ఆ చప్పుడు రాలేదు. పంతొమ్మిదో అల వచ్చింది. ఇరవయ్యోది వచ్చింది. అప్పుడు ఏడ్చింది, దేవదాస్ పడవ ఏటి మలుపులో కనిపించేదాకా.

డబ్బాలు దింపి పిల్లలందరూ తాగాక, అతను ఆమెకు గ్లాసు అందించాడు. "మీరు ఎండల ఎందుకు కూసున్నరు అక్కా?"

"ఇంటున్న సార్," అంది. అతను గ్లాసు మళ్ళీ నింపి ఇచ్చాడు.

చల్లబడ్డాక అందరూ వెనక్కి గుడారాల దగ్గరికి చేరారు. మర్నాడు పిల్లలు పడవల్లో పోతుంటే జమున ఇసుక మీద నిలబడి చెయ్యూపింది. గుడారాల ఒడ్డున గుల్లలు లేవు. పడవలు చుక్కలై కనుమరుగయ్యేదాకా చూసి, గుడారంలోకి వచ్చి, తన టిఫిన్ డబ్బా మూత ఒకసారి తీసి, మళ్ళీ పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. బుచ్చవ్వ అరుగు మీదే ఉంది, ఒళ్ళో చాట, చాటలో తంబాకు, తునికాకు. కూతురిని చూసి చేతులు ఆపింది. అడగలేదు. అడగడానికి భయపడుతోందని జమునకు తెలిసింది.

జమున చాట తీసుకుని, అందులో ఉన్నది గుడ్డ మీద గుమ్మరించి, టిఫిన్ డబ్బాలో తెచ్చిన గుల్లలు చాటలో పోసింది. తల్లి పక్కన కూర్చుని చాటను మెల్లగా ఒక వైపుకి వంచింది. గుల్లలు గలగలమంటూ జారి అంచుకి చేరాయి.

బుచ్చవ్వ కళ్ళు మూసుకుంది.

"వచ్చిపడే చప్పుడు తేలేకపోయిన అవ్వా. గిది పొయ్యేటప్పటి చప్పుడే."

"ఆఁ. గిదే," అంది బుచ్చవ్వ. "రూముల ఫ్యాన్ చప్పుడనుకున్న ఇన్నేండ్లు. ఒడ్డుకు వచ్చి మాట్లాడిండన్నట్టు."

"రూముల పద్నాలుగు మంది ఉంటరట. మనతోని మాట్లాడనీకె ఒక్కడే బయటికి వచ్చేటోడట."

బుచ్చవ్వ కళ్ళు తెరవలేదు. చెయ్యి చాచి తడుముకుని చాట తన ఒళ్ళోకి తీసుకుంది. గుల్లలను ఇటువైపుకి వంచింది. అవి జారి ఆగాక, అటువైపుకి వంచింది.